అచ్చుయంత్రముల హో దొర – ఆయన గ్రంథసంపద

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగపాఠము)



హిందూపురము బెల్లపు వర్తకమునకు పేరువడిన ఊరు. ఆ చుట్టుపట్ల పల్లెలలో చెఱకు గానుగను చూడనివారు అరుదు. ఇనుప రోలర్లు ఒకదానినొకటి ఒరసికొని తిరుగుచుండును. వాని నడుమకు చెఱకుగడను అందించినచో రసము క్రిందికి దిగును, పిప్పి ఆవలికి పోవును. రోలర్లు ఆగవు, గడలందించు చేయియు ఆగనక్కఱలేదు. ఇప్పుడు ఆ రోలర్లలో ఒకదానిచుట్టు సీసపు అక్షరములు బిగించి, వానికి సిరా పూసి, చెఱకుగడకు మాఱుగా తెల్లకాగితము నందించినట్లు భావింపుడు. ఆవలికి వచ్చునది అచ్చువడిన వార్తాపత్రిక. ప్రపంచమునందలి పెద్ద పత్రికలు నేటికిని ఈ గానుగ సూత్రముమీదనే అచ్చగుచున్నవి. ఈ సూత్రమును వార్తాపత్రికల అక్కఱకు వచ్చునట్లు సాధించి చూపినది న్యూయార్కు నగరములోని హో వారి కుటుంబము. ఆ కుటుంబమున మూడవ తరమువాడైన రాబర్టు హో చరిత్ర నేటి ప్రసంగమునకు విషయము.

పల్లెటూరి గ్రంథాలయ సభలో అమెరికా యంత్రకారుని కథ యేల అని ఎవరికైనను తోపవచ్చును. ఆయన జీవితములో రెండు పనులు చేసెను. పగటివేళ గంటకు వేలకొలది కాగితములు అచ్చువేయు యంత్రములు చేయించెను. తక్కినవేళ, లోకమున నాలుగైదు ప్రతులైనను మిగులని గ్రంథములను వెదకి వెదకి కొనెను. అక్షరమును అందఱి పాలు చేయు యంత్రము ఒకవైపు. గ్రంథమును ఒక్కరి పాలు చేయు బీరువా మఱియొకవైపు. పుస్తకమును కాపాడవలెనా, చేతులు మారనీయవలెనా అను చిక్కు చిన్నదో పెద్దదో ప్రతి గ్రంథాలయమునకును ఉన్నదే. రాబర్టు హో ఆ చిక్కును తాను పోయిన తరువాత విడదీయించిన తీరు విచిత్రమైనది.

మొదట ఆయన తాతగారి మాట. ఆయన పేరును రాబర్టు హోయే. ఇంగ్లండులో లెస్టర్ సీమవాడు, వడ్రంగము నేర్చినవాడు. 1803లో, ఇరువదియేండ్లు నిండకముందే, ఓడయెక్కి న్యూయార్కు చేరెను. అక్కడ స్మిత్ అను సోదరులతో కలసి, వారి తోబుట్టువును పెండ్లాడి, కొయ్యపనినుండి అచ్చుయంత్రముల పనిలోనికి దిగెను. అప్పటికి మున్నూటయేబది యేండ్లనుండి అచ్చుయంత్రము ఒక్కతీరుననే యుండెను. క్రింద అక్షరములు పేర్చిన బల్ల; దానిపై కాగితము; ఆ పైన ఒక పలక; ఆ పలకను మరచుట్టు త్రిప్పి క్రిందికి నొక్కవలెను. బావులలో ఏతము తొక్కువానికెంత కష్టమో, ఆ మర త్రిప్పువానికి అంత కష్టము. స్మిత్ సోదరులలో పీటరు అనునతడు మరచుట్టు తీసివేసి మోచేతి కీలువంటి ఏర్పాటొకటి పెట్టెను. మడచిన మోచేయి చాపినప్పుడు అరచేతికి ఎంత బలము వచ్చునో, ఆ కీలు నిటారుగా నిలిచినప్పుడు పలకకు అంత బలము వచ్చును. కమ్మి ఒక్కమాఱు లాగిన చాలును. ఇట్టివానిలో వాషింగ్టన్ యంత్రము అను పేరుగలది, సామ్యుయల్ రస్ట్ అనువాడు కల్పించినది, మిక్కిలి మేలైనది. 1835లో హో వారు దాని హక్కులను కొని, వేలకొలది యంత్రములు చేసి అమ్మిరి. అమెరికా పడమటి భాగమున క్రొత్తగా వెలసిన ఊళ్ళకు ఎద్దుబండ్లమీద మొదట వెళ్ళిన అచ్చుయంత్రములలో ఇవి ముఖ్యమైనవి.

ఎంత మేలైనను చేతియంత్రము చేతియంత్రమే. ఇద్దఱు మనుష్యులు చెమటోడ్చినను గంటకు 250 కాగితములు, అదియు ఒక్క ప్రక్క, పడుట గొప్ప. 1814 నవంబరులో లండనులోని టైమ్సు పత్రిక ఆవిరితో నడచు యంత్రముపై అచ్చయ్యెను. కోనిగ్ అను జర్మనుడు దానిని కల్పించెను. అది గంటకు 1,100 కాగితములు వేసెను. అయినను అక్షరముల బల్ల ముందుకు పోయి వెనుకకు రావలసినదే. ప్రతి కొసను ఆగి మరలుటలో వేగము తగ్గును. మగ్గమునెదుట కూర్చున్న ధర్మవరపు నేతకాండ్రకు ఈ మాట సులభముగా బోధపడును. నాడెయు అటు పోయి ఇటు రావలసినదే.

తాతగారు 1833లో పోగా, కర్మాగారము ఆయన పెద్దకుమారుడు రిచర్డు మార్చ్ హో చేతికి వచ్చెను. అప్పటికాయనకు ఇరువది యొకటవ యేడు. బల్లను ముందువెనుకలు ఆడించుట మాని, అక్షరములను చక్రముపైనే యెక్కించినచో నేమి అని ఆయన యత్నించెను. ఆలోచన సులభము, చేయుట కష్టము. వేలకొలది సీసపుముక్కలను గుండ్రని సిలిండరుపై పేర్చి వేగముగా త్రిప్పినచో, వడిసెలలోని రాళ్ళవలె అవి ఎగిరిపోవును. రిచర్డు హో కాలముల నడుమ పెట్టు గీతల ముక్కలను ఆప్పువలె ఒకవైపు సన్నముగా, ఒకవైపు మందముగా చేసి, అక్షరములను సిలిండరుపై బిగించెను. తిరిగినకొలది అవి సడలక నిలిచెను. 1847లో ఫిలడెల్ఫియాలోని పబ్లిక్ లెడ్జరు పత్రిక ఇట్టి యంత్రముపై అచ్చగుట మొదలయ్యెను. పెద్ద సిలిండరు నడుమ నుండగా, దానిచుట్టు నాలుగు చిన్న సిలిండర్లు; ఒక్కొక్కదానియొద్ద ఒక్కొక్క మనిషి కాగితము లందించును. గంటకు 8,000. జనులు దానికి మెఱుపుయంత్రమని పేరుపెట్టిరి. మఱుసటియేటనే పారిస్ నగరమునకును, 1856లో లండనునకును హో వారి యంత్రములు పోయెను.

ఆ తరువాతి మెట్టు, కాగితములను ఒక్కొక్కటిగా అందించుట మాని, మైళ్ళకొలది పొడవుగల ఒకే చుట్టను యంత్రములోనికి విడుచుట. 1860 ప్రాంతముల విలియం బుల్లక్ అను అమెరికనుడు దీనిని సాధించెను. పాప మాతడు 1867లో తన యంత్రమునందే కాలు చిక్కుకొని, ఆ గాయముతో మరణించెను. యంత్రములు కల్పించినవారి చరిత్రలలో ఇట్టి పుటలు తక్కువగా వ్రాయబడును. 1871లో హో వారు, వారి యింజనీరు స్టీఫెన్ టక్కరు, చుట్టకాగితముపై రెండు ప్రక్కలను ఒక్క పరుగులో అచ్చువేయు యంత్రమును సిద్ధపఱచిరి. మఱికొన్ని యేండ్లకు పత్రికను మడచు ఏర్పాటును దానికే తగిలించిరి. ఒకకొసను తెల్లకాగితపు చుట్ట, ఇంకొక కొసను మడతపెట్టిన పత్రికలు. ఒక పెన్నీకి, రెండు పెన్నీలకు పత్రిక దొరకుటకు, కూలివాడును దినపత్రిక కొనుటకు, ఈ యంత్రమును కొయ్యగుజ్జు కాగితమును కారణము లయ్యెను.

మన కథానాయకుడు ఈ యింట 1839 మార్చి 10న జన్మించెను. రిచర్డు హోకు తమ్ముని కుమారుడు. పదునేడేండ్ల ప్రాయముననే కర్మాగారములో చేరి, ఇనుమును నూనెను ముట్టి పని నేర్చెను. 1886లో పెదతండ్రి ఇటలీలో మరణించిన పిదప కర్మాగారమున కంతటికి పెద్ద యయ్యెను. న్యూయార్కున గ్రాండు వీధిలో పెద్ద కర్మాగారము, లండనులో శాఖ. ఆయన యేలుబడిలో యంత్రములు ఇంకను పెద్దవయ్యెను. ఒకదానిపై నొకటి మేడలవలె లేచెను. రంగులు వేయు యంత్రములును వచ్చెను. ఆ వివరములు పెంచుట అనవసరము. ఆయన స్వయముగా గొప్ప క్రొత్త సూత్రమును కనిపెట్టినవాడని చెప్పుటకంటె, పెదతండ్రి నాటిన చెట్టును మహావృక్షముగా పెంచినవాడనుట సరియైనది.

ఆ కర్మాగారమున చెప్పుకొనవలసిన దొకటి కలదు. పని నేర్చుకొనవచ్చిన కుఱ్ఱవాండ్రకై 1872లోనే హో వారు రాత్రి పాఠశాల నొకటి పెట్టిరి. పగలు యంత్రములయొద్ద పని. సాయంకాలము లెక్కలు, యంత్రముల పటములు గీయుట. జీతము పుచ్చుకొనక చెప్పించిరి. కర్మాగారము తన కుఱ్ఱవాండ్రకు తానే బడి పెట్టుట అమెరికాలో అప్పటికి క్రొత్త.

రాబర్టు హో పుస్తకముల పిచ్చి ఎప్పుడు మొదలయ్యెనో గాని, నడివయస్సునాటికి అది ఊరెఱిగిన సంగతి. యంత్రము చేయువాడు గనుక, మొదటి అచ్చులు ఎట్లుండెనో తెలిసికొనవలెనను కుతూహలము సహజమే. అందుండి చేతివ్రాత ప్రతులకు, అందుండి తోలుకట్టు పనితనమునకు ఆ కుతూహలము పాఱెను. 1884 జనవరి 23న ఆయన యింట ఆయనతో కలసి తొమ్మండుగురు కూడి, గ్రంథములను అందముగా చేయు కళను పోషించుటకై ఒక సంఘము స్థాపించిరి. దానికి గ్రోలియరు క్లబ్బు అని పేరిడిరి. హో దానికి మొదటి అధ్యక్షుడు. ఆ సంఘము న్యూయార్కున నేటికిని ఉన్నది.

ఈ గ్రోలియరు ఎవడో చెప్పకుండ ముందుకు సాగుట న్యాయము కాదు. ఆయన ఫ్రాన్సు దేశపు రాజుల కోశాధికారి, 1565లో మరణించెను. ఆ యేటి పేరు వినగానే పెనుకొండ వారికి వేఱొకటి జ్ఞప్తికి వచ్చును. రక్కసితంగడి యుద్ధము జరిగి, విజయనగరము పాడై, రాజధాని పెనుకొండ కోటకు తరలుటకు కారణమైన సంవత్సరమదియే. ఇక్కడ ఒక మహానగరపు సంపద, అందులోని తాళపత్రములతో గూడ, చెల్లాచెదరగుచున్న యేట, అక్కడ ఒక పుస్తకప్రియుడు మూడువేల గ్రంథములను విడిచి కన్నుమూసెను. ఆయన తన పుస్తకముల అట్టలపై బంగారు అక్షరములతో ఒకమాట వేయించెడివాడు: ఇది గ్రోలియరుది, ఆయన మిత్రులది అని దాని భావము. మిత్రులు నిజముగా ఎన్ని పుస్తకములు తీసికొనిపోయిరో, ఎన్ని తిరిగియిచ్చిరో చెప్పువా రెవరును లేరు. గ్రంథాలయ కార్యదర్శులకు ఆ సందేహము వచ్చుట సహజము.

హో గ్రంథములు న్యూయార్కున ఆయన గృహమున నుండెను. అచ్చు పుట్టిన తొలియేండ్ల పుస్తకములు, బంగారుపూత బొమ్మలతో సన్యాసులు వ్రాసిన తోలుపుటల ప్రతులు, రాజులకై కట్టిన జిల్దులు, ఆంగ్ల ఫ్రెంచి కవుల మొదటి ముద్రణములు. అన్నిటికి మిన్న గుటెన్‌బర్గు బైబిలు. 1455 ప్రాంతమున జర్మనీలోని మైంజ్ నగరమున, కదలెడు అక్షరములతో ఐరోపాలో అచ్చయిన మొదటి పెద్ద గ్రంథమది. ఇంచుమించు 180 ప్రతులు అచ్చువడియుండునని పండితుల లెక్క. ఎక్కువ భాగము కాగితముపైనను, కొన్ని దూడతోలు పత్రములపైనను వేసిరి. నేటికి మిగిలినవి యేబదికి లోపు. తోలుపైనివి డజను మాత్రమే. హో యొద్ద రెండు ప్రతులుండెను: ఒకటి కాగితముది, ఒకటి తోలుది. గంటకు వేలకొలది పత్రికలు విడుచు యంత్రముల యజమాని సాయంకాలము ఇంటికి వచ్చి, రెండుమూడేండ్లలో రెండువందల ప్రతులైనను వేయలేని తొలి అచ్చుకూటపు పనిని త్రిప్పి చూచెడివాడు. ఆ తోలుపుటలు 450 యేండ్లు గడచినను తెల్లగా, సిరా నల్లగా ఉండెను. ఆయన యంత్రములపై అచ్చయిన పత్రికలో ఆ కొయ్యగుజ్జు కాగితము పదియేండ్లకే పసుపుబాఱి, ముట్టినచో అప్పడమువలె విఱుగుచుండెను. అంత అచ్చువేయువానికి అంత నిలువనిది చేయుచున్నాననెడి తలపు రాకుండునా? ఆయన ఆ మాట చెప్పినట్లు దాఖలా లేదు. చేసిన పనులనుబట్టి ఊహించుకొనవలసినదే.

చేసిన పనులు ఇవి. జిల్దుకట్టు కళపై ప్రసంగము చేసి 1886లో పుస్తకముగా వేసెను. 1895లో కొందఱు మిత్రులతో కలసి న్యూయార్కున జిల్దుకూట మొకటి పెట్టి, ఫ్రాన్సునుండి పనివాండ్రను రప్పించెను. అమెరికాలో అట్టి పనివాండ్రు లేరని ఆయన బాధ. 1902లో అచ్చుయంత్రముల చరిత్రను చిన్న గ్రంథముగా వ్రాసెను. తన గ్రంథములకు 1903 మొదలు 1909 వఱకు పదునాఱు సంపుటముల పట్టిక సిద్ధము చేయించెను. దానిని కూర్చినది కారొలిన్ షిప్మన్ అను స్త్రీ. ఏ గ్రంథాలయమునందైనను పుస్తకముల పట్టిక వ్రాసి చూచినవారికి, పదునాఱు సంపుటములనగా ఎన్ని రాత్రుల పనియో తెలియును.

ఇంతవఱకు చెప్పి ఊరకుండుట సగము సత్యము. 1902 జూలై 30న న్యూయార్కున యూదుల పెద్దగురువు జేకబ్ జోసెఫ్ గారి శవయాత్ర గ్రాండు వీధిగుండా సాగెను. వేలకొలది దుఃఖితులు వెంట నడచిరి. ఊరేగింపు హో వారి కర్మాగారము ముందుకు రాగా, పైయంతస్తుల కిటికీలనుండి పనివాండ్రు కొందఱు ఇనుప మరలు, కొయ్యముక్కలు, నీళ్ళు వారిపై విసరిరి. క్రిందివారు కోపించి తిరుగబడిరి. పోలీసులు వచ్చి శోకించువారినే కొట్టిరి. నగరాధ్యక్షుడు సేత్ లో నియమించిన విచారణ సంఘము, మొదటి రెచ్చగొట్టుట కర్మాగారమువారి దనియు, పోలీసుల నడత తప్పనియు తేల్చెను. మూడు దశాబ్దములనుండి కుఱ్ఱవాండ్రకు లెక్కలు నేర్పుచున్న కర్మాగారము. చేతికి పని నేర్పిన బడి ఆ కిటికీలయొద్ద ఎందుకు చాలలేదో ఆలోచింపవలసిన సంగతి. గ్రంథప్రియులు వ్రాసిన హో చరిత్రలలో ఈ దినము సామాన్యముగా కానరాదు, ఉండవలసినదే.

1909 సెప్టెంబరు 22న రాబర్టు హో లండనులో మరణించెను. డెబ్బది యేండ్లు. ఆయన గ్రంథములు ఏమగునని అందఱును ఎదురుచూచిరి. ఏదో విశ్వవిద్యాలయమునకో, 1870లో స్థాపించునప్పుడు తానును ఒక చేయివేసిన మెట్రొపొలిటన్ ప్రదర్శనశాలకో ఇచ్చునని తలచినవారుండిరి. ఆయన అట్లు చేయలేదు, వేలము వేయుమనెను. గ్రంథములన్నిటిని ఒకచోట నిలుపుమని మిత్రులు అడిగినప్పుడు, పూర్వుల సంగ్రహములు అమ్ముడుపోకున్నచో తనకు ఈ పుస్తకములు ఎక్కడ దొరకియుండెడివని ఆయన ఎదురు ప్రశ్నవేసెనట. తాను పొందిన వేట సుఖము ఇతరులకును దక్కవలెనని ఆయన ఉద్దేశము.

వేలము 1911 ఏప్రిల్ 24న న్యూయార్కున మొదలయ్యెను. ఐరోపానుండి పేరుగల పుస్తక వర్తకులు ఓడలెక్కి వచ్చిరి. తొలినాడే తోలుపత్రముల బైబిలు పాటకు వచ్చెను. 50,000 డాలర్లకు కొట్టివేసిరి. నాటి మారకమున లక్షన్నర రూపాయలు. అంతవఱకు లోకమున ఏ పుస్తకమునకును అంత వెల పలుకలేదు. పాడినవాడు జార్జి స్మిత్ అను వర్తకుడు. పాడించినవాడు రైలుమార్గముల ధనికుడు హెన్రీ హంటింగ్టన్. తరువాతి దినములలో కాక్స్‌టన్ అచ్చువేసిన మాలరీ కథాగ్రంథము వచ్చెను. 1485లో ఇంగ్లండులో అచ్చయిన ఆ పుస్తకమునకు పుటలన్నియు సరిగా నున్నది ఆ ఒక్క ప్రతియే. దానిని 42,800 డాలర్లకు గెలుచుకొనినది బెల్ గ్రీన్ అను యువతి. మోర్గన్ అను బ్యాంకరు గ్రంథాలయమునకు అధికారిణి. కోటీశ్వరుల వర్తకులు నిండిన ఆ సభలో ఒక గ్రంథాలయాధికారిణి నిలిచి పాడి గెలుచుట పలువురు వింతగా చెప్పుకొనిరి. వేలము విడతలు విడతలుగా 1912 నవంబరు వఱకు సాగెను. మొత్తము 19 లక్షల 32 వేల డాలర్లు వచ్చెను. నాటి లెక్కను ఇంచుమించు 60 లక్షల రూపాయలు. ఇన్నియేండ్ల ప్రేమతో కూర్చిన గూడు ఏడాదిన్నరలో విడిపోయెను.

ఇది సరియైనదా? ఈ సీమవారు ఈ ప్రశ్నను తమ అనుభవముతోనే తూచుకొనగలరు. పెనుకొండ, హిందూపురము, ధర్మవరము తాలూకాలు 1882 వఱకు బళ్ళారి జిల్లాలోనివి. ఆ దత్తమండలములయందును మైసూరునందును తిరిగిన సర్వేయరు కాలిన్ మెకంజీ, కావలి సోదరుల సాయముతో ఊరూరి కైఫీయత్తులు, శాసనముల నకళ్ళు, తాళపత్రములు కూర్చెను. 1821లో ఆయన మరణింపగా, కంపెనీ ప్రభుత్వము లక్షరూపాయలిచ్చి ఆయన భార్యయొద్ద అన్నిటిని కొనెను. వేలము లేదు, ఒక్కరే కొనిరి. అయినను అవి ఒకచోట నిలువలేదు. కొన్ని లండనునకు, కొన్ని కలకత్తాకు, కొన్ని మదరాసునకు పోయెను. ఒక ఊరి కైఫీయత్తు ఒకచోట, దాని శాసనపు నకలు ఒకచోట నుండుటచే పండితులు పడిన పాట్లు పెక్కు.

మఱియొక దృష్టాంతము కడపలో దొరకును. 1820లో కడపకు ఉద్యోగమునకు వచ్చిన బ్రౌను దొర, తెలుగు వ్రాతప్రతులను వెదకించి, బంగళాలో పండితులకు జీతములిచ్చి కూర్చుండబెట్టి, పాఠములు సరిచూపించెను. దానికై అప్పులును చేసెను. తాను కూర్చిన ప్రతులను మదరాసు లిటరరీ సొసైటీకి ఇచ్చెను. అవి తరువాత మదరాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారము చేరెను. వేమన పద్యములు 1829లో, నిఘంటువు 1852లో అచ్చయ్యెను. బ్రౌను పుస్తకమును కొన్నది బీరువాకొఱకు కాదు, అచ్చుకొఱకు. హో అచ్చుయంత్రములు చేయించియు, పుస్తకమును బీరువాకొఱకు కొనెను. ఇద్దఱిలో హో ధనవంతుడు. మనకు చేరువవాడు బ్రౌను. ధర్మవరము తాలూకాలో 1913లో జన్మించిన తిరుమల రామచంద్ర గారిని ఇక్కడ తలపకుండుట భావ్యము కాదు. ఆయన మదరాసులోను, దూరమున లాహోరులోను వ్రాతప్రతుల పట్టికలు కూర్చెను, మన లిపి పుట్టుపూర్వోత్తరములను వ్రాసెను, 1997లో మరణించెను. ఆయనకు కోట్లు లేవు. ఒక్కొక్క తాళపత్రము విప్పి, మసిపూసి, చదివి, ఇది ఇట్టిదని వ్రాసిపెట్టు ఓపిక మాత్రముండెను.

మన పల్లెలలో వేలముదాక పోయిన పుస్తకములు తక్కువ. అటుకమీద చెదలకు పోయినవి ఎక్కువ. తాత చదివిన తాటియాకుల కట్టను మనుమడు చదువలేక, పాఱవేయుటకు భయపడి, పుణ్యమని నదిలో వదలిన ఇండ్లు కలవు. వానికంటె హో వేలము వేయిరెట్లు మేలు. వెలపలికినది గనుక కొన్నవాడు జాగ్రత్తపెట్టెను. అయితే వెల పలుకని గ్రంథముల గతి యేమి? హో పట్టికలోనికి ఎక్కినవి పలికినవే. వేలములో పాటపాడువాడు లేని పుస్తకమునకు ఊరి గ్రంథాలయము తప్ప వేఱు దిక్కులేదు. ఈ ఒక్క విషయమున ఆయన తీర్పు చాలదనియే చెప్పవలసియున్నది.

హో నమ్మిన లెక్క సగము ఫలించెను, సగము తప్పెను. ఆయన పుస్తకములు చేతులు మారిన మాట నిజమే. కాని ఆయన తలచినట్లు ప్రియునినుండి ప్రియునికి పెక్కుకాలము తిరుగలేదు. తోలుబైబిలు కొన్న హంటింగ్టన్ 1919లో తన గ్రంథములను, గృహమును, తోటను ధర్మసంస్థగా వ్రాసియిచ్చెను. 1928లో అది జనులకు తెఱువబడెను. కాలిఫోర్నియాలో సాన్ మారినో అను ఊర నున్నది. ఆ బైబిలు ఆ భాండాగారముననే యున్నది. మోర్గన్ గ్రంథాలయము 1924లో ప్రజాసంస్థ కాగా, నాడు పాటలో గెలిచిన బెల్ గ్రీన్ దానికి మొదటి డైరెక్టరయ్యెను. మాలరీ పుస్తకము అక్కడ నిలిచెను. ధనికుని బీరువానుండి వేలమునకు, వేలమునుండి మఱియొక ధనికుని బీరువాకు, అటనుండి పండితులు కూర్చుండి చదువు బల్లమీదికి ఆ రెండు పుస్తకములు నడచెను. హో తన చేతితోనే ఇచ్చియుండిన ఆ నడక ఒక్క అంగలో ముగిసియుండెడిది.

కర్మాగారము సంగతి. హో కంపెనీ ఆయన తరువాతను పెద్ద యంత్రములు చేసెను. ఇరువదవ శతాబ్దపు నడుమ అచ్చుపని తీరే మాఱెను. సీసపు అక్షరములు పోయి, ఫోటో ఫలకములు వచ్చెను. శతాబ్దము ముగియకముందే ఆ సంస్థ లేకుండపోయెను. గంటకు వేలకొలది పత్రికలు విడిచిన ఆయన మహాయంత్రములను ఇనుప తుక్కుగా కరగించిరి. తాతగారి కాలపు వాషింగ్టన్ చేతియంత్రములు మాత్రము, వానిని కరగించుటకు ఎవరికిని తీరికలేకపోవుటచేతనో యేమో, అమెరికాలో చిన్న అచ్చుకూటములలోను ప్రదర్శనశాలలలోను కొన్ని నిలిచియున్నవి. అక్షరములు పేర్చి, సిరా పూసి, కాగితముపఱచి కమ్మి లాగినచో, మోచేతి కీలు నిటారుగా నిలుచును. అచ్చు నల్లగా పడును.